కమల కోసం భోవాలీ దాకా

మొదటి రోజు: కాఠ్‌గోదాం, భోవాలీ

తెల్లవారుతుండగా కాఠ్‌గోదాంలో దిగాం. రైలు పట్టాలు అక్కడితో సరి. ఆపైన కుమావూన్ కొండల్లోకి ఎవరైనా రోడ్డు మీదే వెళ్లాలి. స్టేషన్ బయట టాక్సీలవాళ్లు నైనితాల్, నైనితాల్ అని పిలుస్తున్నారు. మేం భోవాలీ అనగానే ఒకతను ముందుకొచ్చాడు. ఇంత దూరం వచ్చి నైనితాల్ చూడరా అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. చూడలేదు. మేం వచ్చింది ఒక మనిషి కోసం.

కమలా నెహ్రూ 1934 అక్టోబరులో క్షయతో ఈ కొండల మీదికి వచ్చింది. 1935 మే నెలలో ఇక్కడి నుంచే యూరప్‌కు వెళ్లింది. మళ్లీ మన దేశం చూడలేదు. ఇందిరాగాంధీ తల్లిగా, నెహ్రూ భార్యగా తప్ప ఆమె గురించి నాకూ పెద్దగా తెలిసేది కాదు. తెలియజెప్పింది మా ఆయన.

మా ఆయనకు కొన్నేళ్ల కిందట టీబీ వచ్చింది. ఆరు నెలల మందులకు లొంగే మామూలు రకం కాదు, మొండిరకం. ఎండీఆర్ అంటారు. అప్పట్లో దానికి గుప్పెడు మాత్రలతో పాటు నెలల తరబడి ఇంజెక్షన్ కూడా ఉండేది. ప్రాణం నిలబడింది. ఎడమ చెవి వినికిడి మాత్రం దాదాపు పోయింది. ఆ ఇంజెక్షన్లతో కొందరికి అలా అవుతుందని డాక్టర్లు ముందే చెప్పారు. ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలాయి, ఎత్తు ఎక్కితే ఆయాసం. అప్పటి నుంచీ నేను ఆయనకు కుడిపక్కనే నడుస్తాను.

మంచంలో ఉన్న ఆ నెలల్లో ఆయన నెహ్రూ పుస్తకాలు చదివారు. కమల గురించి రాసిన పేజీల అంచున పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నారు. తగ్గాక ఒకసారి భోవాలీ వెళదాం అన్నారు. ఎందుకు అంటే చెప్పలేదు. డ్యూటీ పేరుతో సగం జీవితం ఊళ్ల మీద గడిపిన మనిషి, నన్ను ఎక్కడికైనా తీసుకెళతానని తనంతట తాను అనడమే అరుదు. ఇంకేం అడగకుండా సరే అన్నాను.

కాఠ్‌గోదాం సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు. భోవాలీ 1,600 దాటుతుంది. మలుపులు తిరిగే కొద్దీ చీడ్ పైన్ చెట్ల వాసన కారులోకి వచ్చింది. ఆయన అద్దం దించి గట్టిగా ఊపిరి తీసుకున్నారు. నేను ఆ ఊపిరినే విన్నాను. జబ్బు ఉన్నన్నాళ్లూ రాత్రిళ్లు అదే పని చేసేదాన్ని, ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు. ఆ రోజు ఇంకేమీ చూడలేదు, గది తీసుకుని పడుకున్నాం.

రెండో రోజు: శానిటోరియం

భోవాలీ శానిటోరియం 1912లో మొదలైంది. అప్పట్లో దానికి ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డ్ పేరు. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం కూడా ఆ కాలపుదే. క్షయ అంటే కొండగాలి, పైన్ చెట్లు, పాలు, గుడ్లు, విశ్రాంతి అనుకునే రోజులవి. క్రిమి ఏదో తెలుసు, రాబర్ట్ కోహ్ 1882లోనే దాన్ని పట్టుకున్నాడు. దాన్ని చంపే మందే లేదు. ఛాతీలోకి గాలి ఎక్కించి, జబ్బుపడ్డ ఊపిరితిత్తిని కొన్నాళ్లు ముడిచి ఉంచే పద్ధతి ఒకటి ఉండేది. మిగతాదంతా ఎదురుచూడటమే. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. కమల 1936లోనే పోయింది. మా ఆయన చెవిని తీసుకుని ప్రాణాన్ని వదిలిపెట్టిన ఇంజెక్షన్ కూడా ఆ మందు జాతిదే. అది తెలిసినప్పటి నుంచీ ఆ ఏడేళ్ల తేడా నా మనసులోంచి పోదు.

లోపలికి వెళ్లాలని మేం అనుకోలేదు. అక్కడ ఇప్పటికీ టీబీ రోగులు ఉంటారు. కమల ఏ గదిలో పడుకుందో చూస్తామని వాళ్ల మధ్య తిరగడం నాకు ఇష్టం లేదు. బయట రోడ్డు వెంబడే నిదానంగా నడిచాం. ఒక మలుపు దగ్గర ఆయన ఆగి, చేయి మోకాలి మీద పెట్టుకుని వంగారు. పక్కన పిట్టగోడ మీద ఒకావిడ కూర్చుని ఉంది, ఒళ్లో గుడ్డసంచి, అందులో టిఫిన్ డబ్బా. జరిగి చోటిచ్చింది.

ఆవిడ భర్త లోపల ఉన్నాడట. కింద ఊరి నుంచి వచ్చి వెళుతోందట. మా ఆయన దగ్గు చూసి, మీరూ చూపించుకోవడానికి వచ్చారా అని హిందీలో అడిగింది. కాదు, ఈయనకు తగ్గిపోయింది అన్నాను. ఆవిడ తలెత్తి ఆయన్ని చూసింది. అలా ఒక మనిషిని ఇంకో మనిషి చూడటం నేను ఎప్పుడూ చూడలేదు. మొహం, చేతులు, వేసుకున్న స్వెట్టరు, కాళ్ల చెప్పులు, అన్నీ చూసింది. పూర్తిగానా అని అడిగింది. పూర్తిగా అన్నాను. మా ఆయన తనకొచ్చిన హిందీలో, మందులు మధ్యలో ఆపనివ్వొద్దు, వాంతులైనా ఆపనివ్వొద్దు అని చెప్పారు. ఆవిడ ఆ మాట రెండుసార్లు తిరిగి అంది, మర్చిపోకుండా ఉండటానికి కాబోలు. బస్సు వస్తే లేచి వెళ్లిపోయింది.

గదికి వచ్చాక నేను చాలాసేపు ఏడ్చాను. మా చుట్టాల్లో కొందరు మా ఇంట్లో మంచినీళ్లు కూడా తాగని రోజులు గుర్తొచ్చాయి. సరైన మందులు పడ్డాక కొద్ది వారాల్లోనే చాలామంది నుంచి ఇంకొకరికి అంటుకునే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. ఆ సంగతి చెప్పినా ఎవరూ వినలేదు. ఆవిడ మాత్రం పక్కన కూర్చోమంది.

మూడో రోజు: అల్మోడా దారి

భోవాలీ నుంచి అల్మోడా యాభై కిలోమీటర్లకు పైన. కైంచీ ఆశ్రమం దగ్గర బండ్లు ఆగిపోయి చాలాసేపు పట్టింది. అది దాటాక దారి లోయలోకి దిగుతుంది. గరంపానీ తర్వాత కోసీ నది పక్కనే వస్తుంది, నీళ్లు పలచగా, రాళ్లు తెల్లగా. మళ్లీ ఎక్కడం మొదలు.

నెహ్రూ ఈ దారిలో పదిహేను రోజులకోసారి పోలీసు కాపలాతో తిరిగారు. 1934 ఫిబ్రవరిలో ఆయన్ను అరెస్టు చేసి రెండేళ్ల శిక్ష వేశారు. ఆగస్టులో కమలకు బాగా లేదని విడిచిపెట్టి, పదకొండు రోజుల తర్వాత మళ్లీ తీసుకుపోయారు. ఆమెను భోవాలీకి చేర్చాక దగ్గరగా ఉంటుందని ఆయన్ను అల్మోడా జైలుకు మార్చారు. భర్తకు జైలు, భార్యకు శానిటోరియం, మధ్యన ఈ కొండదారి.

ఈ కథలో నన్ను పట్టుకుని వదలని ఘట్టం అంతకు కాస్త ముందు జరిగింది. శిక్ష మిగిలిన కాలం రాజకీయాల జోలికి పోనని మాట ఇస్తే విడిచిపెడతారని నెహ్రూకి కబురు అందుతూ ఉండేది. కాగితం కూడా అక్కర్లేదు, మాట చాలట. అక్టోబరు మొదట్లో ఆయన్ను నైనీ జైలు నుంచి అలహాబాదులో కమల దగ్గరికి తీసుకెళ్లారు. ఆమె జ్వరంతో మగతగా ఉంది. ఆయన పక్కన ఉండాలని ఆమెకు ఎంత కోరికో ఆయనకు తెలుసు. తిరిగి వెళ్లే వేళకు ఆమె నవ్వి, కిందికి వంగమని సైగ చేసింది. వంగితే చెవిలో చెప్పింది. ప్రభుత్వానికి హామీ ఇస్తున్నావని వింటున్నాను, ఏమిటది? ఇవ్వొద్దు!

కారులో మా ఆయన ఈ సంగతి మళ్లీ చెప్పారు. నాకు ముందే తెలుసు, అయినా విన్నాను.

"నేనైతే అలా అనేదాన్ని కాదండీ," అన్నాను. "మాట ఇచ్చేసి వచ్చెయ్యమనేదాన్ని. దేశం ఇంకొకరు చూసుకుంటారు అనేదాన్ని."

"నాకు తెలుసు," అన్నారు.

కమలను త్యాగమూర్తి అని అందరూ తేలిగ్గా అనేస్తారు. నాకు ఆ మాట సరిపోదనిపిస్తుంది. 1930లో మగవాళ్లంతా జైళ్లలో ఉంటే అలహాబాదులో ఊరేగింపులు, విదేశీ బట్టల దుకాణాల ముందు పికెటింగులు నడిపినవాళ్లలో ఆమె ముందు వరసలో ఉంది. 1931 జనవరి 1న అరెస్టయింది. వ్యానెక్కేటప్పుడు ఒక విలేకరి ఏదైనా చెప్పమంటే, భర్త అడుగుజాడల్లో నడుస్తున్నందుకు గర్వంగా ఉంది అంది. నెహ్రూయే తర్వాత రాశారు, కాస్త ఆలోచించి ఉంటే ఆ మాట అలా అనేది కాదేమో అని. ఎందుకంటే మగవాళ్ల పెత్తనం మీద ఆడవాళ్ల తరఫున పోరాడే మనిషినని ఆమె తన గురించి అనుకునేది. అలాంటి మనిషి హామీ ఇవ్వొద్దంది. ఆయన కోసం తన సుఖం వదులుకోవడం అనుకుంటే ఆమెను తక్కువ చేసినట్టే. ఆ పోరాటం ఆమెది కూడా. నాకు కోపం వచ్చేది ఆ మాట మీద కాదు. చెవిలో చెప్పేంత దగ్గరికి ఆయన రావడానికి అన్నేళ్లు పట్టిందే, దాని మీద.

నాలుగో రోజు: అల్మోడా జైలు

అల్మోడా గుర్రపు జీను ఆకారంలో ఉన్న కొండ మీద పరుచుకున్న ఊరు. అక్కడి జైల్లో ఇప్పటికీ ఖైదీలు ఉన్నారు కాబట్టి అనుమతి లేకుండా లోపలికి పంపరు. గేటు దగ్గరి జవాను మర్యాదగానే చెప్పాడు. గోడ పక్కగా కాసేపు నిలబడి, లోపల ఎలా ఉండేదో నెహ్రూ రాసినదాన్ని గుర్తు చేసుకున్నాం. 51 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పు ఉన్న పెద్ద బ్యారక్. మట్టినేల, పురుగులు తిన్న పైకప్పు, తలుపుల్లేని కిటికీలకు ఊచలు. ఆయన ఒక్కరే. కప్పులో పిచ్చుకలు నలభై దాకా. అప్పుడప్పుడూ ఒక మేఘం ఊచల్లోంచి లోపలికి వచ్చి తడి వదిలి వెళ్లేదట.

1935 ఫిబ్రవరిలో ఆత్మకథ రాయడం పూర్తయింది కూడా ఇక్కడే. అందులోనే ఒప్పుకున్నారు, రాజకీయాల్లో పడి ఇల్లు, భార్య, కూతురు, అందరినీ దాదాపు మరిచిపోయానని, ఆ రోజుల్లో వాళ్లకెంత భారమయ్యానో చాలా కాలానికి గానీ తెలియలేదని. ఆయనకు 26 ఏళ్లు నిండాక, 1916 ఫిబ్రవరి 8న, పెళ్లి. ఆమెకు పదహారేళ్లు. మరుసటి ఏడాది ఇందిర. 1924లో ఒక కొడుకు నెలలు నిండకుండా పుట్టి కొద్దిరోజులకే పోయాడు. ఆ తర్వాతే జబ్బు బయటపడింది. 1926లో స్విట్జర్లాండ్ తీసుకెళ్లి వైద్యం చేయించారు, కొంత కోలుకుంది, తిరిగొచ్చాక మళ్లీ ఉద్యమం, మళ్లీ జైళ్లు.

ఇదంతా చెప్పుకుంటూ నేను పెద్దగానే అన్నాను, "పెళ్లైన మొదటి పదేళ్లు ఆమె ఎవరితో మాట్లాడుకుందో?" మా ఆయన జవాబు చెప్పలేదు. వినపడలేదేమో అనుకున్నాను. కానీ నేను కుడిపక్కనే ఉన్నాను.

మే నెలలో కమల యూరప్ వెళ్లిపోయాక భోవాలీ ప్రయాణాలు ఆగిపోయి, అల్మోడా జైలు ఇంకా దిగులుగా తోచిందని రాశారు. సెప్టెంబరు 4న ఉన్నట్టుండి విడుదల చేశారు. గడువుకు ఐదున్నర నెలల ముందు. అంటే ఆమె పరిస్థితి ఎలా ఉందో విడుదలే చెప్పింది. మర్నాడు అలహాబాదు నుంచి విమానం, బ్రిండిసీ దాకా సీప్లేన్, ఆపైన రైలు. 9వ తేదీ సాయంత్రానికి జర్మనీలోని బాడెన్‌వైలర్. ఆ రోజుల్లో అంతకన్నా వేగంగా వెళ్లడం కుదరదు. వెళ్లేసరికి కమల అదే ధైర్యమైన నవ్వుతో చూసింది. ఇన్నేళ్లలో ఆమె కోసం ఆయన అన్నీ వదిలి పరిగెత్తింది ఆ ప్రయాణంలోనే అనిపిస్తుంది నాకు.

ఐదో రోజు: వరండా

పొద్దున్నే మబ్బు లేదు. త్రిశూల్, నందాదేవి, దూరంగా పంచచూలీ. బస వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. చితయీ గోలూ దేవత గుడికి వెళదామనుకున్నాం. అక్కడ జనం తమ మొర కాగితం మీద రాసి, గంటతో పాటు కడతారు. కానీ ఆయనకు ఆయాసంగా ఉందన్నారు. సంచిలోంచి పుస్తకం తీశారు. అహ్మద్‌నగర్ కోట జైల్లో, కమల పోయిన ఎనిమిదేళ్లకు, 1944లో నెహ్రూ రాసిన పేజీలు.

ఆయన చదువుతుంటే నేను తెలుగులో చెప్పుకుంటూ విన్నాను. బాడెన్‌వైలర్‌లో ఒక చిన్న బసలో దిగి, రోజూ రెండు పూటలా శానిటోరియానికి నడిచి వెళ్లేవారు. ఏదో ఒకటి చదివి వినిపించేవారు. తన ఆత్మకథలోని భాగాలు కూడా చదివారు. అల్మోడా బ్యారక్‌లో రాసిన ఆ మాటలు, మరిచిపోయానన్న ఒప్పుకోలుతో సహా, ఆమె విందో లేదో పుస్తకంలో లేదు. వినే ఉంటుందని నేను అనుకుంటాను. అలా అనుకోకపోతే నాకు మనసొప్పదు.

1936 జనవరి చివర్లో ఆమెను స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌కు మార్చారు. అప్పటికే ఆయన్ను కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. వెళ్లాలా, మానాలా? రాజీనామా మాట ఆమె వినను కూడా విననంది. వెళ్లి రమ్మంది. ఫిబ్రవరి 28కి విమానం ఖాయం చేసుకున్నాక, ఓ వారం పది రోజులు ఆగమని డాక్టరు చెప్పాడు. ఆగారు.

ఆ చివరి రోజుల్లో ఎవరో పిలుస్తున్నారని కమల అనేదట. గదిలోకి ఎవరో వచ్చారని చూపించేదట. ఆయనకు ఎవరూ కనిపించేవారు కాదు.

అక్కడ మా ఆయన గొంతు ఆగిపోయింది. పుస్తకం నేను తీసుకున్నాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. కూడబలుక్కుంటూ, ఆయన కుడి చెవికి దగ్గరగా జరిగి చదివాను. 28 తెల్లవారుజామున ఆమె పోయింది. విమానం ఎక్కాల్సిన రోజే. ఇందిర అక్కడే ఉంది. పెళ్లై ఇరవై ఏళ్లు నిండి అప్పటికి ఇరవై రోజులు. కమలకు 36 ఏళ్లు.

మంచు కొండల మీద ఎండ వచ్చింది. మేం అటు చూడలేదు.

ఆరో రోజు

కొండ దిగి, కాఠ్‌గోదాంలో రైలెక్కి, లక్నో మీదుగా ప్రయాగ్‌రాజ్, అంటే అప్పటి అలహాబాదు. రాత్రంతా ప్రయాణం, ఆయన బాగానే నిద్రపోయారు. నేను ఊపిరి లెక్కపెట్టకుండా నిద్రపోవడానికి ప్రయత్నించాను.

ఏడో రోజు: ప్రయాగ్‌రాజ్

నెహ్రూల ఇల్లు ఆనంద్ భవన్‌లో గదులు అద్దాల వెనక నుంచి చూడాలి. జనం చాలామంది ఉన్నారు, త్వరగానే బయటికొచ్చాం. పక్కనే స్వరాజ్ భవన్. 1930లో దెబ్బలు తిన్న కార్యకర్తల కోసం కమల ఆ ఇంట్లో కొన్ని గదుల్ని ఆసుపత్రిగా మార్చింది. అది నడుస్తూ ఉండాలన్నది ఆమె కోరిక. ఆమె పోయాక గాంధీ, మిగతావాళ్లు విరాళాలు పోగుచేశారు. 1939 నవంబరులో గాంధీ శంకుస్థాపన చేశారు. 1941 ఫిబ్రవరి 28న, ఆమె పోయి సరిగ్గా ఐదేళ్లకు, కమలా నెహ్రూ స్మారక ఆసుపత్రిని ఆయనే ప్రారంభించారు. ఇప్పుడు అక్కడ కాన్సర్ వైద్యం కూడా జరుగుతోంది. మేం వెళ్లేసరికి ఓపీ చీటీల కోసం వరస బయటిదాకా ఉంది. ఎక్కువ ఆడవాళ్లే, చంకల్లో పిల్లలతో. ఒక ఫొటో తీద్దామని ఫోన్ బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టేశాను.

సాయంత్రం సంగమానికి పడవ మాట్లాడుకున్నాం. లొజాన్ నుంచి చితాభస్మం తీసుకుని వస్తూ నెహ్రూ బాగ్దాద్‌లో ఆగినప్పుడు లండన్ ప్రచురణకర్తకు కేబుల్ పంపారు. ఆత్మకథకు అంకితం అది. ఇక లేని కమలకు అని. ఆ భస్మాన్ని ఈ ఊళ్లోనే గంగలో కలిపారు.

"ఇంకా కోపమేనా ఆయన మీద?" అని అడిగారు మా ఆయన.

"ఆ మొదటి పదేళ్ల మీద కోపం," అన్నాను. "అది ఆయన ఒక్కరి మీదే కాదు."

అనేశాను. పెళ్లైన కొత్తలో ఈయన ఎప్పుడూ ఊళ్లమీదే. పాప పుట్టినప్పుడు లేరు, మా అమ్మ పోయినప్పుడు కర్మ నాటికి వచ్చారు. జబ్బు చేసి ఇంట్లో పడ్డాకే మేం ఒకరినొకరం చూసుకున్నాం. ఇంతకాలం ఈ మాట పైకి అనలేదు, జబ్బు మనిషితో ఎలా అంటాం?

ఆయన కాసేపు తెడ్డు వేసే కుర్రాడి వైపు చూశారు.

"తెలుసు," అన్నారు. "ఆయనలా నేను రాయలేను. నోటితో చెబుదామంటే ఇంట్లో ఎప్పుడూ కుదరలేదు. ఆయన రాసింది నీకు వినిపిద్దామని తీసుకొచ్చాను. అదీ చివర్న నువ్వే చదవాల్సి వచ్చింది."

నాకు మాట రాలేదు. వచ్చాక అడిగాను, "అల్మోడాలో నేనన్నది వినపడిందా మీకు?"

"ఆ. పదేళ్లు ఎవరితో మాట్లాడావు నువ్వు?"

అడిగారు కాబట్టి చెప్పడం మొదలుపెట్టాను. పక్కింటి పిన్నిగారితో మొదలుపెట్టి, పడవ ఒడ్డుకొచ్చాక కూడా చెబుతూనే ఉన్నాను. పడవవాడు దిగమంటే దిగి, మెట్ల మీద కూర్చుని మిగతాది చెప్పాను. ఆయన కుడి చెవి నావైపు పెట్టి కూర్చున్నారు. అందులో చాలా సంగతులు ఆయనకు కొత్త.